కోర్నీల్ మావయ్య ఉద్యోగం

ప్రాంతీయ మండలి నుంచి వచ్చిన ఫారం నాలుగు పేజీలుంది. కళలు, సంస్కృతి మీద బతికే పరిశ్రమలు ఈ ప్రాంతానికి ఎంత రాబడి తెస్తున్నాయో, ఎంతమందికి పని ఇస్తున్నాయో తేల్చడానికి అని పైన పెద్ద అక్షరాల్లో ఉంది. కింద చిన్న అక్షరాల్లో ఇంకో సంగతి ఉంది. కనీసం ముగ్గురు పూర్తికాలం పనిచేస్తేనే అది పరిశ్రమ. అంతకు తక్కువైతే కాలక్షేపం. కాలక్షేపాలకు మండలి తన షెడ్లు ఇవ్వదు.

పెరీన్ పెద్ద అక్షరాలను వదిలేసి చిన్నవాటిని మూడుసార్లు చదివింది.

పెరీన్ పనిచేసేది హౌట్‌బెక్ అనే ఊళ్ళో, పాత నూలుమిల్లు తాలూకు మండలి షెడ్డులో. అందులో ఊరేగింపు మహాకాయులను తయారుచేస్తారు. ఆరేడు మీటర్ల ఎత్తు బొమ్మలు. లోపల పేముతో అల్లిన గూడు, పైన రంగు వేసిన తల, ఒంటి నిండా బట్టలు. యజమాని మార్షియల్ గూళ్ళు అల్లుతాడు. గిస్లేన్ తలలకు రంగులు వేస్తుంది. పెరీన్ బట్టలు కుడుతుంది. ఆమెకు డబ్బు గంటల లెక్కన కాదు, కుట్టిన బట్ట లెక్కన. పది నెలల కొడుకు లూబిన్ ఆమె కుట్టుమిషను పక్కనే, తిరగేసిన ఒక మహాకాయుడి నడుము గూడులో కూర్చుని పేము కొరుకుతూ ఉంటాడు. శిశుగృహంలో చోటు కోసం పేరు రాయిస్తే నలభై ఒకటో నంబరు వచ్చింది. ఇలాంటి పని దొరికే ఇంకో చోటు రైల్లో గంటంపావు. అక్కడికి చంకలో పిల్లాడితో రానివ్వరు. కాబట్టి ఈ షెడ్డు పోతే పెరీన్ పని పోయినట్టే.

"మనం ఎంతమందిమి, మార్షియల్ గారూ?" అని ఆ రోజే అడిగింది.

"నేనొకణ్ణి, గిస్లేన్ ఒకతి, నువ్వు సగం. నువ్వే చెప్పావుగా సగమని."

"చెప్పాను."

"రెండున్నర. సరే, చూస్తాలే," అని మార్షియల్ కళ్ళజోడు వెతుక్కున్నాడు. ఏం చూశాడో ఆమె అడగలేదు. అడగాల్సింది.

తర్వాత మండలి నుంచి తనిఖీకి వచ్చినావిడ పేరు మదాం ఫ్లోకె. బూడిదరంగు కోటు, చేతిలో అట్ట, అట్టకు క్లిప్పు. చికోరీ కాఫీ ఇస్తే తాగింది కానీ బాగుందని అనలేదు. ఫారం తిరగేసి మూడో పేజీ దగ్గర ఆగింది.

"మూడో పూర్తికాలం ఉద్యోగి, కోర్నీల్ గారు. ఆయన ఉన్నారా?"

"ఉన్నాడు. వెనకవైపు," అన్నాడు మార్షియల్.

ఆవిడ వెనక్కి తిరిగింది. తర్వాత తల పైకెత్తింది. చాలాసేపు ఎత్తే ఉంచింది. అక్కడ ఊరివాళ్ళంతా మావయ్య అని పిలిచే కోర్నీల్ నిలబడి ఉన్నాడు. ఒక మీసం మరమ్మతులో ఉంది.

పెరీన్ మిషను తొక్కడం ఆపేసింది.

"ఈయన బొమ్మ," అంది మదాం ఫ్లోకె.

"ఊరి రిజిస్టర్లో ఉన్నాడండీ. పుట్టింది పందొమ్మిది వందల ఇరవై ఏడు. బాప్తిస్మం అయింది, జ్ఞానతండ్రి మా తాత. పెళ్ళి కూడా అయింది. మునిసిపాలిటీ వాళ్ళు ఫారం మీద ముద్ర వేసి ఇచ్చారు, చూడండి."

ఆవిడ ముద్ర చూసింది. ముద్ర నిజమైనదే.

"వృత్తి, నర్తకుడు. ఏడాదికి ఎన్ని రోజులు పని?"

"రెండు."

"పూర్తికాలం అని రాశారు."

"ఆ రెండు రోజులూ పూర్తిగానే చేస్తాడండీ. మధ్యలో సిగరెట్టుకని బయటికి పోడు."

"నీలాగా కాదు," అంది గిస్లేన్, కుంచె ఎత్తకుండానే.

"నువ్వు ఊరుకోవే. మేడమ్, ఊరేగింపు జరిగే ఆ రెండు రోజులు ఈ ఊళ్ళో గది దొరకదు. బేకరీ వాడు నలుగురు మనుషుల్ని అదనంగా పెట్టుకుంటాడు. బీరు పీపాలు లారీల్లో వస్తాయి. వాళ్ళంతా ఎవర్ని చూడ్డానికి వస్తున్నారు? నన్నా?"

"అది పరోక్ష ప్రభావం. దానికి వేరే కాలమ్ ఉంది."

"అయితే అందులో రాయండి."

"అందులో మనుషుల్ని రాయకూడదు."

"మనిషి కాదని మీరే అన్నారుగా ఇందాక."

మదాం ఫ్లోకె కోర్నీల్ పేరు మీద సన్నగా గీత గీసింది. "లోపల ఉండి మోసేవాళ్ళున్నారా?"

"నలుగురు."

"వాళ్ళకి ఎంత ఇస్తారు?"

"మేమివ్వడమేంటండీ? వాళ్ళే ఊరేగింపు సంఘానికి చందా కడతారు. మోసే చోటు కావాలంటే తొమ్మిదేళ్ళు ఆగాలి."

"డబ్బు కట్టి పనిచేసేవాళ్ళకి నా దగ్గర కాలమ్ లేదు," అని ఆవిడ పేజీ తిప్పింది. "అయితే రెండున్నర. మూడు లేకపోతే నేను చేయగలిగింది ఏమీ లేదు."

గిస్లేన్ కుంచెను నీళ్ళలో పెట్టింది. లూబిన్ మాత్రం పేము పట్టుకుని లేచి నిలబడి, ఆవిడ కోటు బొత్తాల వైపు చెయ్యి చాచాడు.

"ఆ సగం మీరేనా?" అంది ఆవిడ పెరీన్‌తో.

"నేనేనండీ."

"ఎన్నింటికి వస్తారు?"

"తొమ్మిదింటికి."

"వెళ్ళేది?"

సగమని చెప్పడానికి పెరీన్‌కు ఒకే కారణం ఉంది. పూర్తికాలం అని కాగితం మీద పడితే, పూర్తికాలం పనిచేసే చోట జిగురు డబ్బాల మధ్య పిల్లాడెందుకున్నాడని ఎవరో ఒకరు అడుగుతారు. అడిగితే పిల్లాణ్ణి పంపేయమంటారు. ఇప్పుడు అడగగలిగిన మనిషే పిల్లాడికి అడుగు దూరంలో నిలబడి ఉంది. అబద్ధమాడితే షెడ్డు పోతుంది. నిజం చెబితే ఏం పోతుందో తెలియదు.

"అయిదింటికి," అంది.

"మధ్యాహ్నం?"

"గంటసేపు తిండికి. కానీ బాబు ఉంటాడు కదండీ. పాలివ్వాలి, బట్ట మార్చాలి. అందుకని సగమే అనుకున్నాను."

మదాం ఫ్లోకె గోడకు వేలాడుతున్న బట్టల దగ్గరికి నడిచింది. ఒక మహాకాయురాలి పెళ్ళిగౌను, ఇద్దరు సైనికుల కోట్లు, కోర్నీల్ కొత్త పంట్లాం. అంచు ఎత్తి కుట్టు చూసింది.

"ఇవన్నీ ఈ నెలవేనా?"

"అవునండీ."

"ఎవరు కుట్టారు?"

"నేనే."

"సగం కాలంలో మీరు సగం కుట్టి ఉంటారు. మిగతా సగం ఎవరు కుట్టారు?"

పెరీన్ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "అదీ నేనేనండీ."

"వారానికి ముప్పై అయిదు గంటలు," అంటూ ఆవిడ రాసింది. "దాన్నే పూర్తికాలం అంటారు. పాలిచ్చిన నిమిషాలు తీసేయమని నాకెవరూ చెప్పలేదు."

"మరి బాబు ఇక్కడుండడం..."

"నేను లెక్కపెట్టడానికి వచ్చాను. ఈ బాబుగారిని కూడా ఉద్యోగి అని రాస్తే తప్ప నాకు సంబంధం లేదు." ఆవిడ మార్షియల్ వైపు చూసింది. "రాయలేదు కదా?"

"లేదండీ," అన్నాడు మార్షియల్. ఆ ఆలోచన తనకు ఎందుకు రాలేదా అన్నట్టుంది అతని ముఖం.

ఆవిడ వెళ్ళిపోయాక అతను గీత గీసిన పేజీ నకలు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. "షెడ్డు ఉంటుంది. సంతోషమే," అన్నాడు చివరికి. "కానీ తొంభై ఏళ్ళు పైబడిన సర్వీసు. ఒక్క గీతతో కొట్టేసింది."

"రిటైరయ్యాడనుకోవయ్యా," అంది గిస్లేన్.

అయిదింటికి పెరీన్ కత్తెర పెట్టెలో పెట్టింది. మార్షియల్ గడియారం చూశాడు.

"పూర్తికాలం వాళ్ళు ఆరు దాకా ఉంటారు, అమ్మాయ్."

వారం క్రితమైతే ఆమె మళ్ళీ కూర్చునేది.

"నేను ఇన్నాళ్ళూ పూర్తికాలమే చేశానట, మార్షియల్ గారూ," అంది, లూబిన్‌కు టోపీ తొడుగుతూ. "అయిదింటికి ఇంటికి వెళ్తూనే."

మార్షియల్ కోర్నీల్ మీసానికి జిగురు కలుపుకోవడంలో పడ్డాడు.