పాసుల మాస్టారి మట్టి పరీక్ష

ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. అందరికీ ఆయన పాసుల మాస్టారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన చేతిలో ఒక్క పిల్లవాడూ తప్పలేదు. తప్పేవాళ్లు లేక కాదు, ఆయన తప్పనిచ్చేవారు కాదు. జవాబు తప్పయితే దస్తూరీ బాగుందని రెండు మార్కులు, దస్తూరీ కూడా కోడి గీతల్లా ఉంటే కాగితం నలగకుండా ఇచ్చాడని ఒక మార్కు. ఖాళీ కాగితం ఇచ్చినవాడిని సైతం, తెలియనిది రాయకపోవడం నిజాయితీ అని ఎర్ర సిరాతో రాసి గట్టెక్కించిన ఘనుడాయన.

ఉద్యోగం అయిపోయాక మాస్టారికి వ్యవసాయం మీద మనసు మళ్లింది. ఉన్నదంతా పెట్టి రెండెకరాల ఎర్ర చేను కొన్నారు. పత్రాలు మాత్రం భార్య పేరు మీద రాయించారు. కొన్నప్పుడు అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోవడంతో వాళ్ల పని అయిపోయింది, చేనుతో వేగడం మాస్టారికి మిగిలింది.

మొదటి పంట వేరుశనగ. కాయలు లొట్టపోయాయి. రెండో పంట మొక్కజొన్న. మోకాలెత్తు దాకా వచ్చి, ఇక పైకి రావడం తనవల్ల కాదని ఆగిపోయింది. ఆకుల అంచులు ఊదారంగు తిరిగాయి. కండెలు వలిచి చూస్తే మధ్యమధ్య పళ్లూడిన నోళ్లు. మాస్టారు మాత్రం ప్రతి ఉదయం గట్టు మీద నిలబడి, “ఫరవాలేదు, ఫరవాలేదు” అంటూ ఉండేవారు. ఆ చేను ఏమీ పండకపోయినా ఆయనకి దాని మీద ప్రాణం.

ఆయన బావమరిదికి ఇటుకల బట్టీ ఉంది. మట్టిని చూస్తే చాలు, అతని చేతులు ఊరుకోవు. ఒకరోజు అక్కతో కలిసి చేను చూడ్డానికొచ్చి, గుప్పెడు మట్టి తీసి ఉమ్మితో తడిపి, వేళ్ల మధ్య నలిపి చూశాడు.

“అక్కా, ఇది పంటకి పుట్టిన మట్టి కాదు, ఇటుకకి పుట్టిన మట్టి. నాకిచ్చెయ్యి. మనిషి లోతు తవ్వుకుంటాను, నీకేం నష్టం రానివ్వను” అన్నాడు.

మనిషి లోతు తవ్వాక మిగిలేది చేను కాదు, వాన పడితే కప్పలు కాపురం పెట్టే గొయ్యి. మాస్టారు భార్య వైపు చూశారు. ఆవిడ ఏ సంగతినీ నానబెట్టే మనిషి కాదు.

“మట్టి పరీక్ష చేయిద్దాం. పంటకి పనికొస్తుందని వస్తే ఆయన పండించుకుంటారు. పనికిరాదని వస్తే నువ్వు తవ్వుకో” అంది తమ్ముడితో.

పరీక్ష అన్న మాట మాస్టారి చెవిన పడకుండా ఉండాల్సింది.

మట్టి పరీక్షా కేంద్రంలో చెప్పినట్టే చేశారు మొదట. చేలో అక్కడక్కడా జానెడు లోతు తవ్వి, అన్నిచోట్ల మట్టీ కలిపి, ఇంటికి తెచ్చి వరండాలో నీడన ఆరబోశారు. కిలో మట్టి గుడ్డ సంచీలో నింపి ఇస్తే చాలు. ఆయన దాని ముందు పీట వేసుకుని కూర్చున్నారు. ఎర్రగా, పొడిపొడిగా, ఏమీ చదవకుండా పరీక్షకొచ్చిన వెనకబెంచీ పిల్లాడిలా ఉందది. మాస్టారి మనసు కరిగిపోయింది.

ముందు రాళ్లు ఏరారు. అందులో తప్పేం లేదు. గడ్డలు చిదిపారు. అదీ తప్పు కాదు. తరవాత ఆయన చూపు పెరట్లోని పెంటగుంట మీద పడింది. అది భార్య సొంత ఆస్తి. తొక్కలు, ఎండుటాకులు, టీ పిప్పి, పక్కింటి పశువుల చావిడి ఊడ్చిన చెత్త, అన్నీ ఆవిడ అందులోనే వేసి మాగబెడుతుంది. ఆవిడ కూరపాదులకి అదే బలం. నల్లగా, మెత్తగా, తొలకరి వాసనేసే ఎరువు. మాస్టారు అటూ ఇటూ చూసి పిడికెడు తెచ్చి కలిపారు. ఏమీ తేడా కనిపించలేదు. ఇంకో పిడికెడు కలిపారు. అలా పిల్లిలా పెరట్లోకీ వరండాలోకీ తిరుగుతూ, చివరికి సగానికి సగం చేశారు. ఆమ్లగుణమున్న పుల్లటి నేలకి బూడిద మంచిదని ఎప్పుడో ఎవరో అన్న మాట గుర్తొచ్చి పొయ్యిలోంచి కాస్త బూడిద కూడా తెచ్చి వేశారు. ఆఖరికి పిండి జల్లెడతో జల్లించి, సంచీలో నింపి, జల్లెడ కడిగి ఎక్కడిదక్కడ తగిలించారు.

సాయంత్రం భార్య పెరట్లోంచి వచ్చి, “గుంట ఎవరో కెలికారండీ” అంది.

“కోళ్లయి ఉంటాయి” అన్నారు మాస్టారు తల ఎత్తకుండా.

వాళ్లకి కోళ్లు లేవు. ఎదురింటావిడకి ఉన్నాయి. ఆ సాయంత్రం రెండిళ్ల మధ్యా జరిగిన మాటల యుద్ధం మాస్టారు తలుపు వెనక నిలబడి విన్నారు.

ఫలితం వచ్చిన రోజు బావమరిది కూడా ఉన్నాడు. అక్క చేతి కాఫీ తాగుతూ కుర్చీలో జారగిలబడ్డాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని కాగితం పైకి చదివింది. పులుపు లేదు. భాస్వరం సమృద్ధిగా ఉంది. కుళ్లిన ఆకూ అలమూ వల్ల వచ్చే సారం చాలా ఎక్కువగా ఉంది. ఈ మట్టికి ప్రస్తుతం ఏ ఎరువూ అక్కర్లేదు. కింద అధికారి స్వయంగా రాసిన మాట, ఇలాంటి మట్టి అరుదు, రైతుకి అభినందనలు.

మాస్టారికి మీసాలు లేవు. ఉంటే మెలేసేవారే.

ఆవిడ కాగితం మడిచి, “మట్టి ఇంత బాగుందన్నమాట. మరి పంటెందుకు రాలేదు?” అంది.

బావమరిది కాఫీ ఊదుకుంటూ బావగారి వైపు చూశాడు.

“విత్తనం మంచిదే, నీళ్లున్నాయి, మట్టి బంగారం. ఇంక మిగిలింది మీరే” అంది ఆవిడ మొగుణ్ణి తేరిపార చూస్తూ. “చేతకాని వ్యవసాయం మనకెందుకండీ? పక్క చేనాయనకి కౌలుకిచ్చేద్దాం. మంచి మట్టి మంచి చేతుల్లో ఉంటుంది.”

మట్టిని గట్టెక్కించబోయి మాస్టారు తనే తప్పారు. జీవితంలో మొదటిసారి తప్పడం, అదీ సొంత ఇంట్లో.

“అంటే, మట్టి మరీ అంత మంచిదేం కాదులే” అని నసిగారు.

“అయితే నాకిచ్చెయ్యండి” అన్నాడు బావమరిది ఠక్కున.

“మరీ అంత చెడ్డదీ కాదు” అన్నారు మాస్టారు ఇంకా ఠక్కున.

బావమరిది కాఫీ గ్లాసు కింద పెట్టి బయటికెళ్లాడు. బండి డిక్కీలోంచి ఒక ఇటుక తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“తప్పుగా అనుకోకండి బావగారూ. మొన్న మీ చేలోంచి తట్టెడు మట్టి తీసుకెళ్లి కాల్చి చూశాను.” వేలితో కొట్టాడు. కంచు మోగినట్టు మోగింది. “కాగితంలో రాసినంత ఆకూ అలమూ ఆ మట్టిలో ఉంటే, బట్టీలో మాడిపోయి ఇటుకంతా చిల్లులు పడాలి. దీనికి వెంట్రుకంత పగులు లేదు. ఈ కాగితం మీ చేనుది కాదు.”

అక్కా తమ్ముడూ ఇద్దరూ మాస్టారి వైపు తిరిగారు.

“కాస్త సాయం చేశాను” అన్నారు ఆయన.

“కాస్తంటే?” అంది భార్య.

“సగం.”

“సగం దేంతో?”

మాస్టారి చూపు తనకు తెలియకుండానే పెరటి వైపు వెళ్లింది. ఆవిడకి అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు.

“ఆ కోళ్లావిడతో నేను ఇవాళ్టి దాకా మాట్లాడ్డం లేదండీ” అంది.

మాస్టారు చేతిగుడ్డతో మొహం తుడుచుకున్నారు. “నీకు తెలుసుగా, నా చేతిలో ఎవరూ తప్పలేదు. ఈ ముసలితనంలో నాదనుకుని పెంచుకున్నది ఆ చేనొక్కటే. అది తప్పితే తవ్వేస్తారు. చూస్తూ ఊరుకోలేకపోయాను” అన్నారు.

“బాధపడకండి బావగారూ. మొత్తానికి మట్టి నాదేగా అక్కా?” అన్నాడు బావమరిది.

ఆవిడ వినలేదు. కాగితం మళ్లీ విప్పింది. “ఆ కిలో మట్టికి ఏమేం చేశారో చెప్పండి, ఒక్కటీ దాచకుండా.”

“రాళ్లు ఏరాను. గడ్డలు చిదిపాను. ఎరువు కలిపాను. బూడిద వేశాను. జల్లించాను.”

“చేలో ఇందులో ఏం చేశారు?”

మాస్టారు ఆలోచించారు. “విత్తనం వేసి నీళ్లు పెట్టాను. రోజూ వెళ్లి చూశాను.”

“చూశారు. ఫరవాలేదు, ఫరవాలేదు అంటూ చూశారు” అంది ఆవిడ. “సంచీలో మట్టికి ఇంత చాకిరీ చేస్తే అభినందనలంటూ వచ్చింది. అందులో సగం ఆ చేలోదే కదండీ. ఆ మట్టికి ఏం కావాలో మీ చేతులకి తెలుసు. కిలోకి చేసి ఆగిపోయారు.”

తరవాత తమ్ముడి వైపు తిరిగింది. “ఒరేయ్, తవ్వకం లేదు. నీ బట్టీ దగ్గర గుట్టలు గుట్టలుగా పడున్న బూడిద ఎవరికీ అక్కర్లేదుగా, అది పట్టుకొచ్చి చేలో పొయ్యరా.”

“ఇటుకలు చేద్దామని వస్తే బూడిద మొయ్యమంటావేంటక్కా?”

“అంతా ఒక్కసారి కుమ్మరించకు. కాస్త కాస్త చల్లి చూద్దాం. ఈసారి కల్తీ లేకుండా పరీక్ష చేయించి, వాళ్లు చెప్పినంతే వేద్దాం.”

బావమరిది ఇటుక తీసి ఒళ్లో పెట్టుకుని దిగాలుగా నిమిరాడు. అంత మంచి ఇటుక మళ్లీ దొరకదని అతని బాధ అతనిది.

“రెండెకరాలకి ఎరువు కలపాలంటే ఎన్నేళ్లు పడుతుందే?” అన్నారు మాస్టారు బెంగగా.

“మీకిప్పుడు బడి లేదుగా. చేసుకోండి.”

మాస్టారు లేచారు. ఒంట్లోకి ఎక్కడలేని హుషారూ వచ్చింది. మూలనున్న తట్ట తీసుకుని పెరట్లోకి నడిచారు.

“అటెక్కడికి?” అంది ఆవిడ.

“గుంట దగ్గరికి. ఎరువుకి.”

“అది నా గుంట. ఇన్నేళ్లు తొక్కా తోలూ దాచి మాగబెట్టుకున్నాను. దాని జోలికొస్తే ఊరుకోను. మీ చేనుకి కావాలంటే ఇంకో గుంట మీరే తవ్వుకోండి.”

మాస్టారు తట్టతో అక్కడే ఆగిపోయారు. పత్రాలు ఆవిడ పేరు మీద ఉన్నాయి. ఇన్నాళ్లూ ఆవిడ నోట అది ఎప్పుడూ ‘ఆ చేను’. ఆయన విన్నది నిజమో కాదో తేల్చుకోవాలనిపించింది.

“ఎవరి చేనుకి?” అన్నారు వెనక్కి తిరక్కుండా.

“మీ చేనుకేనండీ, మీ చేనుకే” అంది ఆవిడ. “గునపం తలుపు వెనకాల ఉంది.”