తోబుట్టువులకు చెప్పమన్న మాట

అక్క కుట్టు షాపు రోడ్డుకు ఇటు, చెల్లెలి షాపు అటు. ఒకప్పుడు ఇద్దరిదీ ఒకే షాపు, ఒకే కటింగ్ బల్ల. ఒక పెద్ద స్కూలు యూనిఫారాల పని చెల్లెలు సొంతంగా ఒప్పుకుని విడిపోయింది. ఆనాటి నుంచి ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. మాటల్లేవు. ఏం చెప్పాలన్నా కస్టమర్ల చేతనే కబురు. కర్టెన్ గుడ్డ పొరపాటున ఇటొచ్చింది, పట్టుకెళ్లమనండి అని అక్క అంటే, కొలతలివ్వడానికి వచ్చిన మనిషి పాపం రోడ్డు దాటి వెళ్లి చెప్పి, జవాబు మోసుకుని తిరిగొచ్చేది.

నాలుగేళ్ల కిందట అక్కకు మలంలో రక్తం పడింది. మొలలేమో అనుకుంటూ ఆస్పత్రికి వెళ్లింది. డాక్టరమ్మ కెమెరా గొట్టం వేసి చూసి, పెద్దపేగు లోపలి గోడకు మొలిచిన పాలిప్‌లు, అంటే చిన్న కండబుడిపెలు, రెండింటిని అక్కడికక్కడే కత్తిరించి తీసేసింది. ఇవి నొప్పీ గిప్పీ లేకుండా ఏళ్ల తరబడి పెరుగుతాయట. అన్నీ కావుగానీ కొన్ని క్యాన్సర్‌గా మారతాయట. ముందే తీసేస్తే ఆ గండం చాలావరకు తప్పినట్టేనట. చివర్లో ఆవిడ ఒక్క మాట గట్టిగా చెప్పింది.

“మీ తోబుట్టువులకూ ఉండొచ్చు. చెప్పండి, తప్పకుండా చూపించుకోమనండి.”

అక్క చెప్పలేదు. కస్టమర్ చేత పంపే కబురా అది? తన పేగుల సంగతి వీధి వీధంతా టముకేసినట్టవుతుంది. తానే వెళ్తే మెట్టు దిగినట్టవుతుంది. చెల్లెలే ఏదో ఒక రోజు వస్తుందిలే, అప్పుడు చెబుదాం అనుకుంది. నిజం చెప్పాలంటే, చెల్లెలు షాపుకు లైట్ల బోర్డు పెట్టించిన రోజున, ఆ మాట తన దగ్గరే దాచుకున్నందుకు అక్కకు లోలోపల హాయిగా కూడా అనిపించింది. ఇంతకన్నా పాడుబుద్ధి ఉంటుందా?

మొన్న మధ్యాహ్నం చెల్లెలే రోడ్డు దాటి వచ్చింది. ఒంటిమీది బట్టలు ఎవరివో తొడుక్కున్నట్టు వేలాడుతున్నాయి. ఆయాసపడుతూ స్టూలు మీద కూర్చుంది. ఇన్నాళ్లకు దిగొచ్చిందని అక్క సంబరపడింది గానీ, తల మాత్రం ఎత్తలేదు, మెషిన్ ఆపలేదు.

“అక్కా, నాకు పెద్దపేగు క్యాన్సర్. లివర్‌కి కూడా పాకేసింది.”

అక్క కాలు మెషిన్ మీదే ఆగిపోయింది.

చెల్లెలు ఎవరి సంగతో చెప్తున్నట్టు చెప్పుకుపోయింది. పాలిప్‌గా ఉన్నప్పుడే పట్టుకుని ఉంటే ఈ గతి పట్టేది కాదన్నాడట డాక్టరు. ఇక మందులతో ఎన్నాళ్లు నెట్టుకొస్తే అన్నాళ్లేనట. ఇంత చెప్పి కూడా ఏడవలేదు. అక్క చేతిని తన చేతిలోకి తీసుకుంది.

“తోబుట్టువులు కూడా చూపించుకోవాలంట. కబురు పంపితే నువ్వు పట్టించుకోవని నేనే వచ్చా. నా మీద కోపం ఉంటే ఉండనీ, నువ్వు మాత్రం రేపే వెళ్లక్కా.”

చెప్పేద్దామనే అక్క నోరు తెరిచింది. అంతలో చెల్లెలే మళ్లీ అందుకుంది.

“మీ ఇంట్లో ముందు ఎవరికైనా ఇలా వచ్చిందా అని డాక్టరు అడిగాడు. లేదన్నా. వస్తే మా అక్క నాకు చెప్పకుండా ఉంటుందా అన్నా. మాటల్లేకపోతే మాత్రం?”

అక్క తెరిచిన నోరు మూసుకుంది. రేపే వెళ్తానంది.

“భయపడకు, తోడు నేనొస్తాగా,” అంది చెల్లెలు, పట్టుకున్న చెయ్యి వదలకుండా.