పైకి తేలిన రబ్బరు

అయినా తనెందుకు చెప్పాలి? అడిగారా ఎవరైనా? పాత టైర్లను పలుకులుగా కోసి కాంక్రీటులో కలిపితే, రోడ్డు పక్క అడ్డుగోడని గుద్దిన కారులోవాళ్ళకి దెబ్బ తగ్గుతుందని కనిపెట్టింది తోడల్లుడు. పేపర్లో ఫొటో పడింది తోడల్లుడిది. పద్దెనిమిదేళ్ళుగా మామూలు అడ్డుగోడలు పోస్తున్న మేస్త్రీకి దక్కింది ఇంట్లో భార్య దెప్పుడు.

"మా చెల్లి మొగుడి బుర్రే బుర్ర! మీరూ ఉన్నారు, ఎందుకూ?"

ఆ మాటకి నవ్వాడు కూడా. దవడలు ఇంకా నొప్పిగానే ఉన్నాయి.

నిన్న నమూనా దిమ్మను ఒక్కడే పగలగొట్టి చూశాడు. రబ్బరంతా పైన పేరుకుంది, అడుగున ఒట్టి కాంక్రీటు. తేలిక సరుకు మరి. కాంక్రీటుని అదిరించి సర్దే వైబ్రేటరు మామూలుగా పెట్టినంతసేపు పెడితే పైకి తేలిపోతుంది. కారు గుద్దేదేమో అడుగుభాగాన్నే. ఆ ముక్కల్ని ఊడ్చి పారేసి, ఎవరితోనూ అనలేదు.

ఇవాళ పరీక్షకి పంపే గోడ పోస్తున్నారు.

"ఎంతసేపు పెట్టమంటారు మేస్త్రీగారూ?" అన్నాడు వైబ్రేటరు పట్టుకున్నతను.

"ఎప్పట్లాగే."

అచ్చులో వైబ్రేటరు గొట్టం బుర్రుమంటోంది. మేస్త్రీ మనసులో అప్పుడే వచ్చేవారం నడుస్తోంది. పరీక్షలో గోడ తేలిపోయింది, తోడల్లుడు తల దించుకున్నాడు, తను భుజం మీద చెయ్యి వేసి "పోనీలే తమ్ముడూ" అంటున్నాడు. ఆ "పోనీలే" ఎంత మెత్తగా అనాలో రెండుసార్లు సరిచూసుకున్నాడు. తోడల్లుడి మీద తనకింత ప్రేమ ఎన్నడూ కలగలేదు.

"అన్నయ్యా!" తోడల్లుడు వచ్చి అచ్చు మీదకి వంగాడు. "నల్లగా పైకొస్తున్నాయేంటి? ఇలాగే రావాలా?"

"నన్నడుగుతావేం? కనిపెట్టిన మొనగాడివి నువ్వు కదా."

"నేను కాగితం మీద మొనగాణ్ణి. పోసే చెయ్యి మీది. బాగుందంటారా, లేదా?"

వెటకారం కాదు. నిజంగానే తెలీదు వీడికి. ఇన్నేళ్ళలో మొదటిసారి వీడికి తెలియనిదొకటి తనకి తెలుసు. చెప్పిన మరుక్షణం అదీ వీడిదైపోతుంది. "బాగానే ఉంది" అన్న మాట నాలుక మీద సిద్ధంగా ఉంది. ఇంతసేపూ ఊరుకున్నాడంతే, ఇది అంటే మాత్రం అబద్ధమాడినట్టే. తోడల్లుడు ఇంకా అతని మొహంలోకే చూస్తున్నాడు, ఏం చెబితే అది నమ్మేలా.

మేస్త్రీ రెండడుగులు వేసి వైబ్రేటరు స్విచ్చి కట్టేశాడు.