పందొమ్మిది సంతకాలు

తను దగ్గితే చాలు, కేబుల్ కంపెనీకి జ్వరం వస్తుందని చెప్పుకుంటాడు ఊరి కేబుల్ కమిటీ చైర్మన్ థర్లో. ఊళ్లో తీగలు లాగడానికి కంపెనీకి అనుమతి ఇచ్చేది ఆ కమిటీయే మరి. ఆ సాయంత్రం సమావేశంలో ఆరుసార్లు దగ్గాడు. కంపెనీ లాయరు జాలిపడి దగ్గు బిళ్ల ఇచ్చాడు.

క్వారీ రోడ్డులో ఉండే లోర్నా బల్ల మీద చరిచింది. "పదేళ్లయింది థర్లో! ఊరంతా ఉడతలు తీగల మీద తిరుగుతుంటే, మా క్వారీ రోడ్డు ఉడతలు ఇంకా నడిచే పోతున్నాయి!"

"మైలుకి ఇరవై ఇళ్లవాళ్లు సంతకం పెడితే లాగాలని ఒప్పందంలో ఉందమ్మా," అన్నాడు లాయరు. "మీ రోడ్డు మైలు పొడవునా ఉన్నవి ఇరవై ఇళ్లే, పందొమ్మిదే వచ్చాయి."

"ఒక్క సంతకం కోసమా! ఎవడా మహానుభావుడు?" లోర్నా సంతకాల కాగితం లాక్కుని చూసింది. నలభై రెండో నంబరు ఇంటి పక్కన ఖాళీగా ఉంది. "థర్లో, ఇది నీ ఇల్లేగా! కమిటీ చైర్మనువి, నీకే కేబుల్ అక్కర్లేదా?"

థర్లో చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంటి వెనక డిష్ పెట్టించుకున్నా," అని గొణిగాడు. "చైర్మనునైన వారానికే. ఈ కమిటీతో కేబుల్ వస్తుందని నాకు నమ్మకం కుదర్లేదు."