ఎర్ర తొట్టె

ఆ కుళాయిల కార్ఖానాకు ఆ ఉదయం పెళ్ళికళ వచ్చేసింది. గోడలకు కొత్త రంగు, గుమ్మంలో పూలకుండీలు. విదేశీ కంపెనీవాళ్ళు చూడటానికి వస్తున్నారు. వాళ్ళు పెట్టుబడి పెడితే రెండో షెడ్డు లేస్తుంది. పెట్టకపోతే ఉన్న ఈ ఒక్కటీ మూతపడుతుంది. తనిఖీ బల్ల దగ్గర కూర్చునే కళ్ళద్దాలక్కకు పొద్దుట్నుంచీ అదే దిగులు. ఆమె భర్తదీ ఇక్కడే, లేత్ మిషన్ మీద పని. మూతపడితే ఇద్దరూ ఒకేసారి ఇంట్లో కూర్చోవలసిందే.

“అమ్మా, ఆ ఎర్ర తొట్టె మెట్ల కింద పెట్టించు. వాళ్ళ కంటపడితే పరువు పోతుంది,” అన్నాడు యజమాని.

లోపమున్న కుళాయిలను అక్క ఆ తొట్టెలో వేస్తుంది. ఒక్కోదానికీ దారంతో చీటీ కడుతుంది: ఏం తప్పు, ఎప్పుడు, ఎందువల్ల. మొగుడు చేసిందైనా సరే, మొహమాటం లేదు.

పాఠకులారా, చుట్టాలొస్తున్నారనగానే ఇంట్లో చెత్తంతా మంచం కిందికి తోయనివాళ్ళం మనలో ఎందరం? పాపం, యజమానీ అదే చేశాడు.

విదేశీ కంపెనీ తరఫున వచ్చినావిడ షెడ్డంతా కలయదిరిగి, వెంట ఉన్న దుబాసీ చేత అడిగించింది: “పాడైన సరుకు ఎక్కడ పెడతారు?”

“మా దగ్గర పాడవడమన్నదే లేదండీ!” అన్నాడు యజమాని ఛాతీ విరుచుకుని.

ఆవిడ రాసుకుంటున్న పుస్తకం మూసేసింది. అక్క ప్రాణం ఉసూరుమంది. భర్త కళ్ళతోనే వద్దంటున్నా, లేచి వెళ్ళి తొట్టెను బరబరా ఈడ్చుకొచ్చింది.

“ఉన్నాయండీ. ఇవిగో.”

యజమాని ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడ నేలమీదే చతికిలబడి చీటీలు చదివించుకుంది. ‘బిగించే మర వంకర. కరెంటు తగ్గినప్పుడు కోసినది.’ అలాంటివి వరసగా తొమ్మిది. “మరి ఆ తర్వాత ఈ తప్పు రాలేదేం?” అని అడిగించింది.

“స్టెబిలైజర్ పెట్టించామండీ, ఆ తప్పు పోయింది. ఇప్పుడొచ్చేవి వాషర్ తప్పులు. వాటి సంగతీ చూస్తున్నాం.”

ఆవిడ మొదటిసారి నవ్వింది. “స్థలం, పన్ను రాయితీ, తక్కువ కూలి ఎక్కడికెళ్ళినా ఇస్తామంటారు. తప్పును తప్పని చెప్పే మనిషి దొరకడమే కష్టం. అంత దూరాన కూర్చుని నేను రోజూ మీ షెడ్డు చూడలేను కదా,” అని, పుస్తకం తెరిచి రెండో షెడ్డు కొలతలు అడిగింది.

ఆవిడ కారెక్కాక యజమాని తొట్టెను తనే మోసుకొచ్చి బల్ల పక్కన పెట్టాడు. “దీన్ని ఇంకెవరైనా దాచారంటే ఊరుకోను!”

“దాచమన్నది తమరేనండీ,” అంది అక్క. షెడ్డంతా గొల్లున నవ్వింది.

యజమాని సిగ్గుపడ్డాడు. “నిజమేనమ్మా. గోడల రంగు చూసి వస్తారనుకున్నాను. మన తప్పు మనమే చెప్పుకోగలిగిన చోటే పరాయివాడు ధైర్యంగా తన సొమ్ము పెడతాడు.”