దిష్టి పువ్వు

ఉప్పాడ చీర నేసేవాళ్లకి ఓపిక ఎంత ఉంటుందో రోషమూ అంతే ఉంటుంది. వీరవేణికి ఆ రెండోది కాస్త ఎక్కువే. అలాంటిది ఆ ఉదయం ద్రాక్షారామం నుంచి సీతారామలక్ష్మి టీచరుగారి ఫోన్ రాగానే నేత ఆపేసి మగ్గం ముందు కూర్చుండిపోయింది.

"ఏమీ అనుకోకు వీరవేణీ, మా చిన్నమ్మాయి సహస్ర పెళ్లి చీర ఇంక వద్దమ్మా. ఆన్‌లైన్‌లో దీపావళి సేల్ పెట్టారు. అచ్చం మీ నేతే, పద్దెనిమిది వందలకే ఇస్తున్నారు. ఇంకో అరగంటే ఉందిట. నీకు చెప్పకుండా కొనడం మర్యాద కాదని చేశాను."

మర్యాదట, మర్యాద! తనూ మొగుడు చిట్టియ్యా పక్కపక్కన కూర్చుని, పువ్వు పువ్వుకీ విడిగా దారం చేత్తో వేసి నెల రోజులుగా నేస్తున్న చీర అది. సగమైంది. టీచరుగారు ఏరికోరి చెప్పిన చిలకపచ్చ రంగు, వంగపండు అంచు. ఇంకొకళ్లకి నచ్చుతుందన్న నమ్మకం లేదు. ఇది ఆగిపోతే మళ్లీ పట్టు కొనే స్థోమత లేదు. చిట్టియ్య మగ్గం వదిలేసి ఏ రొయ్యల కంపెనీకో కూలికి పోవాల్సిందే.

"ఆ ఫోటో నాకోసారి పంపండి" అంది. పద్దెనిమిది వందలకి పట్టుదారమైనా వస్తుందా, చూద్దామనే అడిగింది.

ఫోటో వచ్చింది. ఎర్రచీర. ఫోను చెవి దగ్గర్నుంచి తీసి, బొమ్మ పెద్దది చేసి కొంగు చివరిదాకా జరిపింది. ఆఖరి వరసలో ఎడం పక్క మూడో పువ్వు. అయిదు రేకులుండాల్సిన చోట నాలుగే ఉన్నాయి.

వీరవేణి ఆ పువ్వుని గుర్తుపట్టింది. అది వాళ్లమ్మ రత్తమ్మ నేర్పిన పద్ధతి. పెళ్లిచీర నేస్తే కొంగులో ఒక్క పువ్వుకి ఒక్క రేకు తగ్గించాలి. పెళ్లికూతురికి తగిలే దిష్టి ఆ పువ్వుకి తగలాలి. ఎందుకు తగ్గించామో కొన్నవాళ్లకి చెప్పకూడదు. ఒక్కో చీరకి ఒక్కో చోట పెడుతుంది వీరవేణి. ఎర్రచీరలో ఇక్కడ పెట్టింది ఒక్కసారే, పోయినేడు, ఈ టీచరుగారి పెద్దమ్మాయికి.

"టీచరుగారండీ, ఆ చీర మీ బీరువాలో ఉందండీ! పెద్దమ్మాయిగారు మీ దగ్గరే దాచుకున్నారన్నారు కదా, అదేనండీ!"

"ఏంటి వీరవేణీ ఆ మాటలు? ఉండు, మావారి ఫోన్లో కంపెనీ అబ్బాయి లైన్లో ఉన్నాడు. కార్డు నంబరు ఇచ్చేశాం. ఓటీపీ చెబితే అయిపోతుంది."

"చెప్పకండి! మీకు పుణ్యముంటుంది, చెప్పకండి! ముందు బీరువా తీయండి. కొంగులో ఆఖరి వరస, ఎడం పక్క మూడో పువ్వు. రేకులు లెక్కపెట్టండి!"

బీరువా తలుపు కిర్రుమంది. వెనకాల ఎవడో "మేడమ్, టైమైపోతోంది, త్వరగా చెప్పండి" అని తొందరపెడుతున్నాడు.

"ఫోన్ పెట్టేయండి!" టీచరుగారు మొగుడి మీద కేకేశారు. "పెట్టేయండంటుంటే!"

తర్వాత వీరవేణితో అన్నారు. "అదే పువ్వమ్మా. ఈ ఫోటో నేను తీసిందే, ఫేస్‌బుక్‌లో పెట్టుకున్నాను. చుట్టూ కత్తిరించేస్తే పోల్చుకోలేకపోయాను. నా ఫోటో చూపించి నాకే అమ్ముతున్నారు దొంగవెధవలు. పెళ్లి డబ్బంతా ఆ ఖాతాలోనే ఉంది తల్లీ!"

ఊరందరి పిల్లలకీ చదువు చెప్పిన మనిషి అలా వెక్కివెక్కి ఏడుస్తుంటే వీరవేణికి కోపం ఎటు పోయిందో తెలీలేదు. జాలేసింది.

"ఊరుకోండి, ఏం పోలేదు కదండీ. ముందు బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు ఆపించండి. సైబర్ పోలీసుల నంబరు పందొమ్మిది ముప్పైకి కూడా చేసి చెప్పండి. ఈ సేల్ సంగతి ఇంకెవరికైనా పంపారా?"

"మా టీచర్ల గ్రూపులో పెట్టాను, పొద్దున్నే."

"అయితే వాళ్లకీ చెప్పేయండి. సిగ్గుపడకండి, మా టీచరుగారు కదా."

టీచరుగారు ముక్కు చీదుకున్నారు.

"పోయినేడు ఆ రేకు చూసి, తప్పు నేశావని అయిదొందలు తగ్గించాను నేను. నువ్వు నోరెత్తలేదేంటమ్మా?"

"అది దిష్టి పువ్వండీ. చెప్పకూడదు."

"మా సహస్ర చీరలో కూడా పెడతావు కదూ?"

వీరవేణి కళ్లు నీళ్లతో నిండిపోయాయి.

"పెడతానండీ. ఎక్కడన్నది మాత్రం అడక్కండి."

ఫోన్ పక్కన పెట్టి, ఏం జరిగిందో తెలీక నోరు తెరుచుకుని చూస్తున్న చిట్టియ్య వైపు తిరిగింది.

"చూస్తావేంటి? ఆ పచ్చ దారం ఇటియ్యి" అంది.