ఇరవై ఒకటో చేప

నాకు చేపలు లెక్కపెట్టడం ఒకరు చెప్పాలా? భావనపాడులో చేపలమ్మే బుల్లమ్మ కూతుర్ని. అమ్మ గంప పక్కన కూర్చునే అంకెలు నేర్చుకున్నాను. అందుకే నార్వేలో ఎమ్మెస్సీ చదువుతూ ఒక చేపల పరిశోధన సంస్థలో ఇంటర్న్‌షిప్‌కి చేరిన రోజున, మా గైడ్ ఇంగ్రిడ్ "పెట్టెకి ఇరవై చేపలు, జాగ్రత్త" అని మూడుసార్లు చెబితే నాకు చిర్రెత్తుకొచ్చింది.

పని ఇదీ. అక్కడి మెకానిక్ లార్స్ అనే పెద్దాయన రెండేళ్లు తంటాలు పడి కొత్త ఐసు మిషను తయారుచేశాడు. దాని ఐసులో చేప ఎన్నాళ్లు తాజాగా ఉంటుందో తేల్చాలి. పాత మిషను ఐసుతో ఇరవై నాలుగు పెట్టెలు ఇంగ్రిడ్ సర్దింది. కొత్త ఐసుతో అన్నే పెట్టెలు నేను సర్దాను. చేపలు మన కానాగంతలే, కాస్త ఒళ్లు చేసినవి. రోజూ ఆమెవి రెండు, నావి రెండు పెట్టెలు తెరిచి, పైనున్న ఐదేసి చేపల్ని పరీక్ష చేసేవాళ్లం.

ఇది బాగా చేస్తే థీసిస్‌కి ఆరు నెలలు అక్కడే ఉంచుకుంటారు. ఆ ఒక్క చోటు కోసం మా క్లాసులో తొమ్మిదిమంది కాచుక్కూర్చున్నారు. నాకే వస్తుందని అమ్మకి ముందే చెప్పేశాను. నేనంతే.

ఎనిమిదో రోజుకి సంగతి బయటపడింది. నా పెట్టెల్లో చేపలు ముందే మెత్తబడుతున్నాయి. ఇంగ్రిడ్ పెదవి విరిచింది. "కొత్త మిషను పనికిరాదు. సోమవారం మీటింగులో చెప్పేస్తాను" అంది. లార్స్ గ్లౌజులు తీసి జేబులో కుక్కుకుని బయటికి వెళ్లిపోయాడు. పాపమనిపించింది గానీ, నా తప్పేముంది అనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే అమ్మకి వీడియో కాల్ చేశాను. అక్కడ అప్పటికే పడవలొచ్చి బేరాలు సాగుతున్నాయి. "ఉండే, తులసికి సరుకెయ్యాల" అని అమ్మ ఫోన్‌ని ఐసు పెట్టెకి ఆనించింది. తులసత్త ఊళ్లమ్మట తిరిగి చేపలమ్ముతుంది. అమ్మ రెండేసి చేపలు తీసి ఆమె గంపలో వేస్తోంది. పద్దెనిమిది, ఇరవై. చెయ్యి ఆగలేదు, ఇంకొకటి పడింది. మళ్లీ మొదటినుంచి లెక్క. పద్దెనిమిది, ఇరవై, ఇంకొకటి.

కొసరు!

నా పెట్టెలు గుర్తొచ్చాయి. పెట్టెలు సర్దేటప్పుడు మూతలు సరిగ్గా పడకపోతే మోచేత్తో నొక్కి మూసేశాను. మూతలే బిగువనుకున్నాను.

"అమ్మా, ఇరవై అయిపోయాక ఆ ఒక్కటీ ఎందుకేస్తావు?"

"ఏటే ఆ మాట? కొసరెయ్యకపోతే రేపు మన కాడికి మళ్లీ ఎవులొస్తారు? సిన్నప్పుడు నువ్వూ అలాగే యేసీదానివి కదే."

ఫోన్ పెట్టేసి ల్యాబుకి పరిగెత్తాను. నావి మిగిలిన ఎనిమిది పెట్టెలూ తెరిచి లెక్కపెట్టాను. ఒక్కదాంట్లోనూ తేడా లేదు, అన్నిట్లోనూ ఇరవై ఒకటే. ఎంత నొక్కినా, చేప ఎక్కువై మూత పూర్తిగా పడక, సందులోంచి వెచ్చటి గాలి లోపలికి పోయింది. చేపలు మెత్తబడవా మరి?

ఒక్కో చేప తీసేసి ఊరుకుంటే ఎవరికీ తెలీదు. లార్స్ మిషను మూలపడుతుంది, నా చోటు నాకుంటుంది. ఆ ఆలోచన నాకు రాలేదని చెబితే అబద్ధమే అవుతుంది. కానీ బుల్లమ్మ కూతురు చేపల లెక్క తప్పిందంటే నవ్విపోతారు, అంతే. ఒకరి నోటికాడి కూడు తీసేసిందంటే ఇక అమ్మ మొహం ఎలా చూడను?

సోమవారం మీటింగుకి ముందే ఇంగ్రిడ్‌నీ లార్స్‌నీ పెట్టెల దగ్గరికి తీసుకెళ్లాను. "తప్పు మిషనుది కాదు, నా చేతిది" అన్నాను. ఇంగ్రిడ్ స్వయంగా లెక్కపెట్టుకుంది. కొసరంటే ఏమిటో చెప్పాను. ఆమె నవ్వలేదు.

"ఎనిమిది రోజుల పని పోయింది భవానీ."

"మళ్లీ చేస్తాను. ఈసారి ఎవరినైనా పక్కన నిలబెట్టండి."

"థీసిస్ చోటు సంగతి ఇప్పుడేమీ చెప్పలేను" అంది. నేను తల మాత్రం దించలేదు.

లార్సే వచ్చి పక్కన నిలబడ్డాడు. ఇరవై కాగానే నా చెయ్యి తనంతట తానే ఇంకో చేప మీదికి పోయేది. ఆయన బల్లమీద వేలితో టకటక కొట్టేవాడు. చివరి ఐదారు పెట్టెలకి ఆయనకి కొట్టే పని పడలేదు. ఈసారి మూతలన్నీ చక్కగా పడ్డాయి. కొత్త ఐసులో చేప పాతదానికంటే ఒక రోజు ఎక్కువే నిలిచింది. లార్స్ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు ఊపాడు.

ఇంటర్న్‌షిప్ ఆఖరి రోజున ఇంగ్రిడ్ ఒక కాగితం నా ముందు పెట్టింది. చోటు నాకే! ఆనందం పట్టలేక కిందిదాకా చదివి ఆగాను. ఆరు నెలలకి బదులు ఏడని ఉంది.

"ఏడో నెల ఎందుకు?"

"కోసారూ" అంది ఇంగ్రిడ్, నోరు తిరక్క. ఈసారి నవ్వింది.

వెంటనే అమ్మకి వీడియో కాల్ చేసి అంతా చెప్పాను. అమ్మ విని, తులసత్త గంపలో ఇంకో చేప పడేసి, "అయితే ఆయమ్మకి బేరం తెలుసే" అంది.